కార్లకు రూపమిచ్చిన వర్తకుడు: మాక్స్ హాఫ్‌మన్

వస్తువును తయారుచేసేవాడు శిల్పి, దానిని అమ్మేవాడు కేవలం మధ్యవర్తి అనే అభిప్రాయం లోకంలో పాతుకొని ఉన్నది. చీరను నేసిన నేతగానికి దక్కే గౌరవం ఆ చీరను అంగడిలో పరచి చూపే షావుకారుకు దక్కదు. అది చాలావరకు న్యాయమే. అయితే అంగడిలో కూర్చున్నవానికి ఒక విద్య అబ్బుతుంది. కొనవచ్చిన మనిషి చేయి ఏ అంచు మీద ఆగిందో, ఏ రంగు చూసి కన్ను మెరిసిందో, ఏ ధర విని కాలు వెనుకకు పడిందో అతనికి తెలిసినంతగా మగ్గం ముందు కూర్చున్నవానికి తెలియదు. ఆ విద్యను మగ్గం దాకా మోసుకొనిపోయి, నేత తీరునే మార్పించగలిగిన వర్తకుడు అరుదుగా పుడతాడు.

ఇరవయ్యవ శతాబ్దపు మోటారు కార్ల చరిత్రలో అటువంటి వర్తకుడు మాక్స్ హాఫ్‌మన్. ఆయన కార్ల కర్మాగారం పెట్టినవాడు కాడు. యంత్రశాస్త్రంలో పేరుమోసిన పండితుడూ కాడు. అయినా నేడు ప్రపంచమంతటా అమూల్య వస్తువులుగా భద్రపరచబడుతున్న కొన్ని స్పోర్ట్స్ కార్లు ఆయన పట్టుబట్టి అడగకపోయినట్లయితే పుట్టేవి కావు. పుట్టినా ఆ రూపంలో పుట్టేవి కావు. దేశం విడిచి వచ్చి, గిల్టు నగలు అమ్ముకొని బ్రతికిన ఒక శరణార్థికి ఇంతటి పలుకుబడి ఎట్లా వచ్చింది? ఆ పలుకుబడిని ఆయన ఎట్లా వినియోగించాడు? దాని వలన లాభపడినవారెవరు, నష్టపోయినవారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానమే ఆయన జీవితం.

హాఫ్‌మన్ 1904 నవంబరు 12వ తేదీన ఆస్ట్రియా దేశంలో, వియన్నా నగర ప్రాంతాన జన్మించాడు. తండ్రికి సైకిళ్ల తయారీ వ్యాపారం ఉండేది. చక్రాల మధ్య పెరిగిన బాలునికి వేగం మీద మోజు కలగడంలో ఆశ్చర్యం లేదు. యువకుడైన పిమ్మట మొదట మోటారు సైకిళ్లను, తరువాత చిన్న కార్లను పందేలలో నడిపాడు. పందెపు కారు నడిపినవానికి ఆ యంత్రం గుణదోషాలు పుస్తకం చదవకుండానే తెలుస్తాయి. మలుపులో కారు ఎట్లా ఒరుగుతుందో, బరువు తగ్గితే ఎట్లా ఉరుకుతుందో ఒంటికే అర్థమవుతుంది. ఈ అనుభవం ఆయనకు జీవితాంతం ఉపకరించింది.

1934లో పందేలకు స్వస్తి చెప్పి, ఒక భాగస్వామితో కలిసి వియన్నాలో కార్ల దిగుమతి వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఇంగ్లండు నుండి రోల్స్‌రాయిస్, బెంట్లీ, ఫ్రాన్సు నుండి డెలాహే, ఇటలీ నుండి ఆల్ఫా రోమియో, స్వీడన్ నుండి వోల్వో కార్లు ఆ దుకాణానికి వచ్చేవి. ముప్పయి ఏండ్ల వయస్సుకే యూరపులోని పెద్ద కార్ల సంస్థల యజమానులతో ఆయనకు పరిచయాలు ఏర్పడ్డాయి.

ఆ వైభవం నాలుగేండ్లు నిలిచింది. 1938 మార్చిలో హిట్లరు సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించి ఆ దేశాన్ని జర్మనీలో కలిపివేశాయి. హాఫ్‌మన్ తండ్రి యూదు మతస్థుడు. ఆనాటి పాలకుల దృష్టిలో ఆ ఒక్క సంగతే కుమారునికి కూడా నేరంగా పరిణమించేది. హాఫ్‌మన్ వియన్నా విడిచి పారిస్ చేరుకొన్నాడు. మరుసటి సంవత్సరమే ప్రపంచ యుద్ధం రాజుకొన్నది. 1940 జూన్ నాటికి పారిస్ కూడా జర్మనుల వశమైనది. 1941 జూన్‌లో ఆయన న్యూయార్కు రేవులో దిగాడు. అప్పటికి ఆయన వయస్సు 36 ఏండ్లు. తెలిసిన విద్య ఒక్కటే, కార్ల వర్తకం. ఆ విద్యకు అక్కడ చోటు లేకపోయింది. ఆయన వచ్చిన కొద్ది నెలలకే అమెరికా యుద్ధంలో దిగింది. 1942 ఫిబ్రవరిలో పౌరుల కొరకు కార్లు తయారుచేయడం ఆ దేశంలో ఆగిపోయింది. కర్మాగారాలన్నీ ట్యాంకులు, విమానాలు, సైనిక వాహనాల పనిలో పడ్డాయి.

మనిషి సత్త్వం ఇటువంటి సమయంలోనే బయటపడుతుంది. వియన్నాలో రోల్స్‌రాయిస్ కార్లు అమ్మిన మనిషి న్యూయార్కులో ఆడవారి అలంకార వస్తువుల వ్యాపారంలోకి దిగాడు. యుద్ధ కాలంలో లోహానికి కరవు వచ్చింది. అందుచేత ప్లాస్టిక్కుతో నగలు చేయించి, పైన సన్నని లోహపు పూత వేయించే పద్ధతిని ఆయన ఎంచుకొన్నాడు. మన వాడుకలో చెప్పాలంటే అవి గిల్టు నగలు. కొద్దిపాటి సొమ్ము అప్పు తెచ్చి నమూనాలు తయారుచేయించి, వాటిని దుకాణాలకు తీసికొనిపోయి చూపి, ఆర్డర్లు సంపాదించాడు. వ్యాపారం నిలదొక్కుకొన్నది. యుద్ధం ముగిసేసరికి తిరిగి తన అసలు వృత్తిలో అడుగిడడానికి తగిన మూలధనం చేతికి వచ్చింది.

ఈ ఐదారేండ్ల నగల వ్యాపారాన్ని ఆయన జీవితంలో ఒక చిన్న మజిలీగా భావించి దాటవేయడం పరిపాటి. కాని ఆయన తదుపరి జీవితాన్ని పరిశీలించినవారికి ఆ మజిలీ విలువ బోధపడుతుంది. గిల్టు నగను ఎవరూ తూకం వేసి కొనరు. అది మొదటి చూపులోనే మనస్సును పట్టుకోవాలి. ధర వినగానే గుండె ఝల్లుమనకూడదు. నిరుటి నమూనా ఈ ఏటికి పనికిరాదు. అవసరం తీర్చే వస్తువు వేరు, ఆశ తీర్చే వస్తువు వేరు. ఈ మూడు నాలుగు సూత్రాలనే ఆయన తరువాతి కాలంలో కార్లకు అన్వయించాడు.

1947లో న్యూయార్కు నగరపు ప్రధాన వీధులలో ఒకటైన పార్క్ అవెన్యూలో హాఫ్‌మన్ కార్ల దుకాణం తెరిచాడు. ఆరంభంలో ఆ అద్దాల వెనుక నిలబెట్టడానికి ఆయన వద్ద ఉన్నది ఒకే ఒక డెలాహే కారు. అమెరికను కార్లు ఆ కాలంలో భారీ పడవల వలె ఉండేవి. ఇంటిల్లిపాదీ సుఖంగా ప్రయాణం చేయడానికి అవి బహు చక్కనివి. అయితే యుద్ధకాలంలో ఇంగ్లండులో ఉండివచ్చిన యువ సైనికులు అక్కడి చిన్న చిన్న స్పోర్ట్స్ కార్ల చురుకుదనాన్ని రుచి చూచి వచ్చారు. రెండే సీట్లు, తేలికైన ఒళ్లు, చెప్పినట్లు వినే స్టీరింగు గల కారు కావాలనే కోరిక కొందరిలో మొలకెత్తుతున్నది. ఆ కోరికను ముందుగా పసిగట్టినవారిలో హాఫ్‌మన్ ఒకడు. కొద్ది కాలంలోనే ఆయన జాగ్వార్ వంటి యూరపు కార్లకు అమెరికాలో ప్రధాన దిగుమతిదారుగా పేరు గడించాడు.

1950లో ఆయన దృష్టి జర్మనీలోని ఒక చిన్న సంస్థ మీద పడింది. దాని పేరు పోర్షే. అప్పటికి ఆ సంస్థ ఆస్ట్రియాలోని ఒక చిన్న ఊరిలో పదుల సంఖ్యలో కార్లు కట్టి, అప్పుడప్పుడే స్టుట్‌గార్ట్ నగరానికి తరలివచ్చింది. అమెరికాలో ఏడాదికి ఐదు కార్లు అమ్ముడుపోతే చాలునని సంస్థ అధిపతి ఫెర్రీ పోర్షే ఆశించాడట. వారానికి ఐదు అమ్మలేకపోతే ఆ వ్యాపారమే తనకు అక్కరలేదని హాఫ్‌మన్ బదులిచ్చాడని చెబుతారు. ఆయన అన్నంతా జరిగింది. అమెరికా మార్కెట్టు ఆ చిన్న సంస్థకు ప్రాణాధారమైనది.

పోర్షే కారుకు ఒక రాజముద్ర వంటి చిహ్నం ఉండితీరాలని కోరినవాడు కూడా హాఫ్‌మనే. 1952లో రూపొందిన ఆ కవచాకార చిహ్నం, మధ్యలో స్టుట్‌గార్ట్ నగరపు గుర్రంతో సహా, నేటికీ ఆ కార్ల ముందు భాగాన మెరుస్తున్నది. నగ మీద ముద్రకు ఎంత విలువ ఉన్నదో గిల్టు వర్తకునికి వేరే చెప్పనక్కరలేదు.

అంతటితో ఆయన ఊరుకోలేదు. పోర్షే కారు మంచిదే గాని, దాని వెల ఎక్కువ. దానిని కొని పందేలలో నడపాలని ఉవ్విళ్లూరే యువకులకు అది అందని మ్రానిపండు. అందుచేత తేలికైన, టాపు లేని కారు ఒకటి కావాలని ఆయన కోరాడు. 1952లో అల్యూమినియం బాడీతో అమెరికా రోడ్‌స్టర్ అనే కారు వచ్చింది. అది చురుకైనదే గాని, తయారీ ఖర్చు మితిమీరింది. ఇరవై కార్లకు లోపే ఆ ప్రయత్నం ఆగిపోయింది.

హాఫ్‌మన్ తిరిగి పట్టుబట్టాడు. ఈసారి ఏది చేర్చాలన్న ఆలోచన మాని, ఏది తీసివేయాలన్న ఆలోచన సాగింది. ముందు అద్దాన్ని పొట్టిగా చేసి, విప్పి తీసిపెట్టడానికి వీలుగా అమర్చారు. తలుపులలో పైకీ కిందికీ జరిగే అద్దాలు మాని, అవసరమైనప్పుడు తగిలించుకొనే పలుచని తెరలు ఇచ్చారు. సీట్లు తేలికవి, టాపు గుడ్డది, లోపలి సదుపాయాలు అంతంతమాత్రం. ఆ విధంగా 1954లో వచ్చిన పోర్షే స్పీడ్‌స్టర్ కారు వెల 2,995 డాలర్లు. 3,000 అనే అంకెను దాటకుండా ఆపడంలోనే వర్తకుని నేర్పు కనిపిస్తున్నది. కాలిఫోర్నియా యువకులు ఆ కారులోనే పందెపు మైదానానికి వెళ్లి, ముందు అద్దం విప్పి పక్కన పెట్టి పందెంలో పాల్గొని, మరల అద్దం బిగించుకొని అదే కారులో ఇంటికి వచ్చేవారు. ఎండ కాచే సీమకు, ఉడుకు నెత్తురుకు, పరిమితమైన జేబుకు సరిపోయేటట్లు కొలత తీసి కుట్టించిన దుస్తు వంటిది ఆ కారు. కుట్టినవారు జర్మనులు, కొలత ఇచ్చినవాడు హాఫ్‌మన్.

ఆయన పేరును శాశ్వతం చేసిన మరొక కారు మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. 1952లో ఆ పేరుతో కట్టిన పందెపు కారు ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలోను, మెక్సికో దేశపు సుదీర్ఘమైన రోడ్డు పందెంలోను విజయం సాధించింది. సంస్థ దృష్టిలో అది పందేలకే పరిమితం. దానిని బజారులో అమ్మే వస్తువుగా మార్చాలని సంస్థ పెద్దలను ఒప్పించినవాడు హాఫ్‌మన్. వెయ్యి కార్లు అమ్మిపెట్టే పూచీ తనదని ఆయన హామీ ఇచ్చాడని ప్రతీతి. 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనలో ఆ కారు లోకానికి తొలిసారి దర్శనమిచ్చింది. ఒక జర్మను సంస్థ తన మేటి కారును స్వదేశంలో కాక అమెరికాలో ఆవిష్కరించడమే హాఫ్‌మన్ పలుకుబడికి నిదర్శనం.

ఆ కారు తలుపుల సంగతి విద్యార్థులు తెలుసుకోదగినది. బరువు తగ్గించడానికి ఇంజనీర్లు సన్నని ఉక్కు గొట్టాలను వలవలె అల్లి కారు అస్థిపంజరాన్ని నిర్మించారు. ఆ గొట్టాలు పక్కలనుండి ఎత్తుగా పోయినందువలన మామూలు తలుపులకు చోటు లేకపోయింది. అందుచేత తలుపులను టాపు వద్ద కీలు వేసి, పైకి తెరుచుకొనేటట్లు అమర్చారు. రెండు తలుపులూ తెరిచినప్పుడు సముద్రపక్షి రెక్కలు విప్పినట్లు కనబడుతుంది. దానితో ఆ కారుకు గల్‌వింగ్ అనే పేరు స్థిరపడింది. నిర్మాణ నిర్బంధం వలన వచ్చిన ఆ తలుపులే కారుకు అలంకారాలైనాయి. నాలుగు స్ట్రోకుల ఇంజను గల అమ్మకపు కార్లలో పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే పద్ధతి కూడా దీనితోనే ఆరంభమైనది. 1957 వరకు 1,400 గల్‌వింగ్ కార్లు తయారుకాగా, వాటిలో అత్యధిక భాగం అమెరికాకే చేరాయి.

ఇటలీలో ఆల్ఫా రోమియో సంస్థ తన జూలియెట్టా కారులో టాపు లేని రకాన్ని తయారుచేయడానికి కూడా హాఫ్‌మన్ ప్రోత్సాహమే కారణం. పినిన్ ఫరీనా తీర్చిన ఆ స్పైడర్ కారు 1955లో వెలువడి, అందచందాలకు పెట్టింది పేరయినది.

కారును నగవలె చూపాలన్నది హాఫ్‌మన్ విశ్వాసం. నగకు పెట్టె ఎంత ముఖ్యమో కారుకు దుకాణం అంత ముఖ్యం. ఆ పనికి ఆయన ఎన్నుకొన్నవాడు అమెరికాలో అగ్రగణ్యుడైన వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. 1950ల మధ్యలో పార్క్ అవెన్యూ 430 సంఖ్య గల భవనంలో రైట్ నిర్మించిన షోరూములో కార్లు ఒక తిరుగుడు వేదిక మీద నిలిచేవి. దాని చుట్టూ వంపు తిరిగిన దారి పైకి సాగేది. 1959లో అదే నగరంలో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలోని ప్రసిద్ధమైన వంపుదారికి ఇది చిన్న చెల్లెలు వంటిది. న్యూయార్కుకు సమీపాన రై అనే ఊరిలో సముద్రతీరాన హాఫ్‌మన్ నివాసగృహాన్ని కూడా రైటే రూపొందించాడు. ప్రతిఫలంలో కొంత భాగాన్ని ఆ వృద్ధ శిల్పి కార్ల రూపంలో స్వీకరించాడని చెప్పుకొంటారు.

ఇంతవరకు చదివినవారికి హాఫ్‌మన్ చూపు ఎన్నడూ గురి తప్పలేదని అనిపించవచ్చు. అది నిజం కాదు. ఆయన చరిత్రలో మనం ఆగి ఆలోచించవలసిన ఘట్టం బి.ఎం.డబ్ల్యు. 507. ఖరీదైన మెర్సిడెస్ కారుకు, చవుక ఇంగ్లీషు కార్లకు మధ్య ఖాళీ ఉన్నదనీ, 5,000 డాలర్ల ధరలో అందమైన కారు వస్తే వేల సంఖ్యలో అమ్ముడుపోతుందనీ హాఫ్‌మన్ ఆ సంస్థకు నమ్మబలికాడు. సంస్థవారు తయారుచేసుకొన్న నమూనా ఆయనకు నచ్చలేదు. జర్మనీ నుండి అమెరికాకు వలసవచ్చిన డిజైనర్ ఆల్‌బ్రెఖ్ట్ గోర్ట్జ్‌ను తన గీతలు సంస్థకు పంపమని ప్రోత్సహించాడు. గోర్ట్జ్ గీసిన రూపం నిజంగా కన్నుల పండువు. 1955లో న్యూయార్కులోని ఒక పెద్ద హోటల్లో దానిని చూచినవారు ముగ్ధులైనారు.

కాని అందానికి అయ్యే ఖర్చును ఎవరూ సరిగా లెక్కించలేదు. అల్యూమినియం రేకులను చేతితో సాగగొట్టి బాడీ తయారుచేయవలసి వచ్చింది. అమ్మకానికి వచ్చేసరికి ధర మొదట అనుకొన్నదానికి ఇంచుమించు రెట్టింపు అయినది. ఆ ధరకు అమెరికాలో అడిగేవారు కరవైనారు. 1959లో తయారీ ఆగిపోయేనాటికి వెలువడినవి సుమారు 250 కార్లు మాత్రమే. అప్పటికే పెద్ద కార్లు అమ్ముడుపోక, మోటారు సైకిళ్లకు గిరాకీ తగ్గి కుంటుతున్న ఆ సంస్థకు ఇది పుండు మీద కారమైనది. 1959 డిసెంబరులో బి.ఎం.డబ్ల్యు.ను మెర్సిడెస్ సంస్థ చేతిలో పెట్టే ప్రతిపాదన వాటాదారుల సభకు వచ్చింది. చిన్న వాటాదారులు, డీలర్లు ఎదురుతిరిగినందువలనను, తదుపరి హెర్బర్ట్ క్వాండ్ట్ అనే పారిశ్రామికవేత్త అండగా నిలిచినందువలనను సంస్థ బ్రతికి బట్టకట్టింది.

ఆ రోజులలో వేలాది కార్మికుల జీవనోపాధి త్రాసులో ఊగిసలాడింది. న్యూయార్కులోని హాఫ్‌మన్ షోరూము మాత్రం ఎప్పటివలెనే వెలుగుతున్నది. సలహా ఇచ్చినవాడు ఒకడు, నష్టం మోసినవారు మరొకరు. నేడు అదే 507 కారు వేలంపాటలో పది లక్షల డాలర్లకు పైగా పలుకుతున్నది. అందువలన హాఫ్‌మన్ అభిరుచి గెలిచిందని కొందరంటారు. కాని 1959లో జీతం వస్తుందో రాదో తెలియని కార్మికునికి ఆ వేలంపాట ఏ విధంగానూ ఊరట కాజాలదు.

వ్యాపార వ్యవహారాలలో కూడా హాఫ్‌మన్ మెత్తని మనిషి కాడు. ఒప్పంద పత్రంలో తన లాభాన్ని అక్షరం పొల్లుపోకుండా చూచుకొనేవాడు. ఫోక్స్‌వాగన్ కారును 1950 నుండి అమెరికాకు దిగుమతి చేసినవాడు ఆయనే. కాని ఆ చిన్న కారు మీద ఆయనకు అంతగా మనస్సు నిలవలేదు. 1953తో ఆ హక్కులు చేజారాయి. తరువాతి సంవత్సరాలలో అదే కారు అమెరికా వీధులను నింపివేసింది. ఆశ తీర్చే వస్తువును గుర్తించిన కన్ను, అవసరం తీర్చే వస్తువు ముందు మూసుకొనిపోయింది. జాగ్వార్ సంస్థతో సంబంధం తెగింది. 1957లో మెర్సిడెస్ సంస్థ కూడా ఆయనతో ఒప్పందాన్ని ముగించుకొన్నది. మార్కెట్టును పెంచి పెద్దచేసినవాడు, అది పెద్దదైన పిమ్మట సంస్థలకు అక్కరలేనివాడైనాడు. మధ్యవర్తి బ్రతుకులోని విషాదమిది.

అయినా విధి ఆయనకు మరొక అవకాశమిచ్చింది. 1960లలో బి.ఎం.డబ్ల్యు. కార్ల దిగుమతి ఆయన చేతిలోనే ఉన్నది. ఆ సంస్థ చిన్న కారైన 1600ను మరింత శక్తిమంతంగా చేసి పంపమని ఆయన కోరాడు. రెండు కార్బురేటర్లు గల రకం ఉన్నది గాని, పొగను అదుపు చేసే అమెరికను చట్టాలకు అది లోబడలేదు. అప్పటికే సంస్థలోని ఇద్దరు ప్రముఖులు, ఒకరికి తెలియకుండా ఒకరు, తమ సొంత చిన్న కార్లలో 2 లీటర్ల ఇంజను బిగించుకొని ఉన్నారు. వారి అనుభవం, హాఫ్‌మన్ కోరిక ఏకమై 1968లో బి.ఎం.డబ్ల్యు. 2002 కారు వెలువడింది. ధర అందుబాటులో ఉన్నది. కొనేవారు బారులు తీరారు. ఒకప్పుడు ఆయన సలహా వలన నష్టపోయిన సంస్థ, ఆయన సలహా వలననే అమెరికాలో పేరు తెచ్చుకొన్నది. 507 వెనుకను, 2002 వెనుకను ఉన్నది ఒకే కన్ను. మొదటిసారి ఖర్చును మరచిన కన్ను, రెండవసారి కర్మాగారంలో సిద్ధంగా ఉన్న వస్తువులతోనే ఆశను తీర్చింది.

1975లో అమెరికాలో అమ్మకాలను బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన చేతిలోకి తీసికొన్నది. హాఫ్‌మన్ వ్యాపారం నుండి విరమించాడు. 1981 ఆగస్టు 10న, 76వ ఏట మరణించాడు. ఆయన పేరు, ఆయన భార్య మారియన్ పేరు కలిపి ఒక ధర్మసంస్థ ఏర్పడింది. రైట్ కట్టిన షోరూమును 2013లో పడగొట్టారు. చారిత్రక కట్టడంగా దానికి రక్షణ కల్పించాలన్న ఆలోచన అధికారులలో మొదలవుతుండగానే ఆ పని జరిగిపోయింది. కార్లు మాత్రం మిగిలాయి.

విద్యార్థులారా! హాఫ్‌మన్ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఐశ్వర్యానికి దారి కాదు. 36 ఏండ్ల వయస్సులో పరాయి దేశంలో, వృత్తి లేని స్థితిలో, గిల్టు నగల పెట్టె పట్టుకొని దుకాణాల మెట్లెక్కడానికి ఆయన సిగ్గుపడలేదు. ఆ చిన్న పనిలో నేర్చిన సూక్ష్మాన్ని పెద్ద పనిలో మరచిపోలేదు. మీలో పలువురు పట్టా పుచ్చుకొని అంగళ్లలోను, కార్యాలయాలలోను చేరుతారు. తయారుచేసేవానికీ కొనేవానికీ మధ్య నిలబడవలసిన స్థానం మీలో అనేకులకు తప్పదు. ఆ స్థానంలో నిలిచి, కొనేవాని మాటను చెవి ఒగ్గి విని, చేసేవానికి నమ్మకంగా చేరవేయగలిగితే మీరు కూడా ఆ వస్తువు సృష్టిలో భాగస్వాములే. అయితే ఎదుటివాని పెట్టుబడి మీద, అతని కూలీల శ్రమ మీద సలహా ఇచ్చేటప్పుడు మరొక లెక్క కూడా వేయాలి. అనుకొన్నది జరగకపోతే ఆ బరువు ఎవరి భుజాన పడుతుందన్న లెక్క అది. స్పీడ్‌స్టర్ విషయంలో హాఫ్‌మన్ డాలరు డాలరు ఆ లెక్క చూచాడు. 507 విషయంలో చూడలేదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ రెండు కార్ల చరిత్రలను పక్కపక్కన పెట్టుకొని చదవదగును.